తక్కువకు అడిగే మర్యాద

శుక్రవారం రాత్రి కూకట్‌పల్లిలో ఒకాయన తన ఫ్రిజ్‌ను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడనుకుందాం. రెండు తలుపులది, నాలుగేళ్లు వాడింది, ధర 14 వేలు. తెల్లారేసరికి ఫోన్ నిండా సందేశాలు. "ఉందా?" "ఫైనల్ ఎంత?" "లాస్ట్ చెప్పు బ్రో." "6000 క్యాష్, ఇప్పుడే వస్తా." ఒక్కరికీ పేరు లేదు, పలకరింపు లేదు, ఫ్రిజ్ చల్లబడుతుందా లేదా అన్న ప్రశ్న కూడా లేదు. మొదటి ఇద్దరికీ జవాబిస్తాడు, మూడోవాడితో చిరాకు పడతాడు, నాలుగోవాణ్ణి బ్లాక్ చేస్తాడు. తమాషా ఏమిటంటే, నలుగురిలో నిజంగా డబ్బు పట్టుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నవాడు ఆ నాలుగోవాడే కావచ్చు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసే తొందరలో అమ్మేవాడు కాస్త అటూ ఇటూగా ఇచ్చేసి ఉండేవాడే కావచ్చు.

ఈ అధ్యాయం ఆ నాలుగోవాడి కోసం. అతను చెప్పిన ధరతో నాకు పేచీ లేదు. బేరం మనకు కొత్తా? సుల్తాన్ బజార్‌లో గాజులకీ, బెజవాడ బీసెంట్ రోడ్డులో చెప్పులకీ చెప్పిన ధర ఇచ్చి వస్తే ఇంట్లో నవ్వుతారు. అడగందే అమ్మైనా పెట్టదు. అయితే ఒక తేడా ఉంది. బజారులో కొట్టు పెట్టుకున్నవాడికి బేరం వృత్తిలో భాగం. మీరు సగానికి అడుగుతారని తెలిసే ధర చెబుతాడు, మీరు వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తాడు. మీ మాటలోని కటువుని మీ నవ్వు సర్దేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ అమ్ముకునే మనిషి వ్యాపారి కాడు. ఐదారేళ్లకోసారి ఏదో ఒకటి అమ్ముతాడు. పైగా ఫోన్ తెర మీద మీ నవ్వు కనబడదు, వెళ్లిపోతున్నట్టు వేసే అడుగులూ కనబడవు. అంకె ఒక్కటే కనబడుతుంది. వ్యాపారి దాన్ని అంకెగానే చూస్తాడు. ఈయన మాత్రం తన ఇంటికీ తన వాడకానికీ మీరు వేసిన మార్కులుగా చూస్తాడు.

ఇది ఆయన ఒక్కడి చాదస్తం కాదు. డేనియల్ కానమన్, రిచర్డ్ థేలర్, జాక్ క్నెచ్ అనే ముగ్గురు కలిసి 1990లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. విద్యార్థుల్లో సగం మందికి కాఫీ మగ్గులు ఇచ్చారు, మిగతా సగానికి ఇవ్వలేదు. తర్వాత మగ్గు ఉన్నవాళ్లను ఎంతకు అమ్ముతారని, లేనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు చెప్పినదానికి దాదాపు రెట్టింపు ఉంది. మగ్గు వాళ్ల చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు, డబ్బు పెట్టి కొన్నదీ కాదు. అలాంటిది నాలుగేళ్లు వంటింట్లో ఉన్న ఫ్రిజ్ సంగతి చెప్పాలా? కానమన్‌కి 2002లో, థేలర్‌కి 2017లో నోబెల్ బహుమతులు వచ్చాయి. మన పెద్దలు బహుమతులేమీ లేకుండానే "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని ఊరుకున్నారు.

ఇంకో ప్రయోగం దీనికన్నా ముఖ్యం. 1982లో జర్మనీలో వెర్నర్ గూత్, ఆయన సహచరులు ఒక ఆట ఆడించారు. ఇద్దరికీ కలిపి కొంత సొమ్ము ఉంటుంది. దాన్ని ఎలా పంచాలో ఒకరు చెప్పాలి. రెండోవారు ఒప్పుకుంటే ఎవరి వాటా వాళ్లది, కాదంటే ఇద్దరికీ సున్నా. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే ఆట ఆడించి చూశారు. బాగా తక్కువ వాటా, అంటే ఐదో వంతూ ఆ లోపూ, ఇవ్వజూపినప్పుడు చాలామంది "నాకూ వద్దు, నీకూ వద్దు" అన్నారు. ఉచితంగా వచ్చే డబ్బు వదులుకున్నారు కానీ చిన్నచూపు భరించలేదు. మీ 6 వేల సందేశానికి జవాబు రాకపోవడానికి కారణం లెక్కలో లేదు, ఇక్కడ ఉంది.

అమ్మేవాడికి కావలసింది డబ్బొక్కటే కాదు

పాత సామాను అమ్మేవాడి అవసరాలు చాలావరకు ప్రకటనలో ఉండవు. ఒకటో తారీకుకి ఇల్లు ఖాళీ చేయాలి. నాలుగో అంతస్తు, లిఫ్ట్‌లో ఫ్రిజ్ పట్టదు. సామాను బయటికి తీసుకెళ్లాలంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ముందే చెప్పి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి కాగితం చూపించాలి. ఇప్పటికే ఇద్దరు వస్తామని రాలేదు. ఆదివారాలు రెండు వాళ్ల కోసం ఇంట్లోనే కూర్చుని పాడుచేసుకున్నాడు. వచ్చేవాడు ఎలాంటివాడో అన్న భయం ఒకటి. తీసుకెళ్లిన వారానికి ఫోన్ చేసి "చల్లబడట్లేదు, డబ్బులు వెనక్కి ఇవ్వండి" అంటాడేమోనన్న దిగులు ఇంకొకటి.

ఇవన్నీ ఆయన నెత్తి మీది బరువులు. ఒక్కోదానికీ ఒక ధర ఉంది. వీటిలో ఎన్నిటిని మీరు దించగలరో అంత తక్కువకు అడిగే హక్కు మీకు వస్తుంది. ధరలో తగ్గించినదాన్ని ఇంకో రూపంలో చెల్లించాలన్నమాట. ఏ బరువూ మోయకుండా అంకె మాత్రమే తగ్గిస్తే ఆయనకు మీరూ మిగతా ముగ్గురూ ఒకటే.

బండ్ల విషయంలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. స్కూటర్ అమ్మేవాడి అసలు భయం వెయ్యి రెండు వేల దగ్గర ఉండదు, పేరు మార్పిడి దగ్గర ఉంటుంది. కొన్నవాడు ఆర్‌సీ తన పేరున మార్చుకోకుండా తిరిగితే చలానాలు పాత యజమాని ఫోన్‌కే వస్తాయి. ప్రమాదం జరిగితే నష్టపరిహారం కేసులో రిజిస్టరులో పేరున్న మనిషే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చింది. అందులో బండి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది, కాగితం మీద పేరు మాత్రం మొదటాయనదే మిగిలింది. ఈ భయం ఉన్న మనిషికి "ఫారం 29, 30 సంతకాలు అదే రోజు పెట్టిద్దాం, పేరు మార్పిడి ఖర్చు నాదే, కొత్త ఆర్‌సీ రాగానే మీకు ఫొటో పంపుతా" అనే కొనుగోలుదారు దొరికితే మూడు నాలుగు వేలు తగ్గించడానికి మనసు ఒప్పుతుంది. మీకు అదనంగా ఖర్చయ్యేదీ ఏమీ లేదు. పేరు మార్పిడి ఎలాగూ చట్టప్రకారం మీరు చేయించుకోవలసిందే. చేస్తానని ముందుగా చెప్పారు, అంతే.

అంకె ఎక్కడి నుంచి రావాలి

తక్కువకు అడిగే అంకెకు ఒక ఊరూ పేరూ ఉండాలి. "ఎందుకు అంత?" అని ఆయన అడిగితే చెప్పగలగాలి. అడక్కపోయినా చెప్పాలి.

కొనేవాళ్లు, అమ్మేవాళ్లు రెండు వేర్వేరు లెక్కల్లో ఉంటారు. ఆయన తను ఎంతకు కొన్నాడన్న దగ్గర మొదలుపెడతాడు. మీరు ఇవాళ కొత్తది ఎంతకు వస్తుందన్న దగ్గర మొదలుపెట్టాలి. అదీ డబ్బా మీద ముద్రించిన ఎమ్మార్పీ కాదు, అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో ఊళ్లో షోరూంలోనో నిజంగా అమ్ముడవుతున్న ధర. దసరా, దీపావళి అమ్మకాల రోజుల్లో ఇది ఇంకా దిగుతుంది. పన్ను మారినా దిగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలకూ, 32 అంగుళాలు దాటిన టీవీలకూ, 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాలకూ జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్నవాడు ఎక్కువ పన్ను కట్టాడు పాపం, కానీ ఆ భారం మీ లెక్కలోకి రాదు. "కొత్త బండే తగ్గింది కదండీ" అన్నది మర్యాదైన కారణం, ఎందుకంటే అది ఆయన బండిని తప్పుపట్టదు.

బండికైతే ఇద్దరూ ఒప్పుకోదగ్గ అంకె ఇన్సూరెన్స్ కాగితంలోనే ఉంటుంది. దాన్ని ఐడీవీ అంటారు. కొత్తదాని ధరలోంచి వయసుని బట్టి తరుగు తీసేస్తారు: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. ఇది బీమా కోసం కట్టిన లెక్క, బజారు ధర కాదు. మంచిగా చూసుకున్న బండి దీనికన్నా ఎక్కువే పలుకుతుంది. కానీ మాట మొదలుపెట్టడానికి ఇద్దరికీ బయటి నుంచి వచ్చిన అంకె ఒకటి దొరికింది కదా.

ఫోన్లకి లెక్క కింది నుంచి కట్టాలి. పాత ఫోన్లు కొనే కంపెనీలు ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో ధర చెప్పేస్తాయి, కొత్త ఫోన్ కొంటే ఎక్స్‌ఛేంజ్‌లో ఎంత తీస్తారో కనబడుతుంది. అపరిచితుణ్ణి ఇంటికి పిలవకుండా, బేరమాడకుండా ఆయనకు ఆ మొత్తం ఎలాగూ వస్తుంది. మీరు అంతకన్నా తక్కువ అడిగితే అది బేరం కాదు, ఆయన అమాయకుడై ఉండాలని పెట్టుకున్న ఆశ. ఎక్స్‌ఛేంజ్ ధర కన్నా కొంచెం పైన, ప్రకటన ధర కన్నా బాగా కింద, మధ్యలో ఎక్కడో మీ అంకె ఉంటుంది. ఐఎంఈఐ నంబరు తెరమీదికి రావడానికి *#06# కొట్టాలని మీకు తెలిసే ఉంటుంది. అది దొంగ ఫోనా కాదా అన్నది ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. అయితే ఆ నంబరు మొదటి సందేశంలోనే అడగకండి. ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్ నంబర్ల గుట్టు అడిగితే ఎవరికైనా అనుమానమే. కలిసినప్పుడు ఆయన చేతే కొట్టించి, అక్కడే చూసుకోండి.

ఇతర ప్రకటనల ధరలు చూపించి బేరమాడడం చాలామంది చేసే పని. జాగ్రత్త. అవి అమ్మేవాళ్లు కోరుకుంటున్న ధరలు, అమ్ముడుపోయిన ధరలు కావు. నెలరోజులుగా కదలని ప్రకటన చూస్తే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది, ఆ ధరకు ఎవరూ రాలేదని.

ఇక ఎంత తగ్గించి అడగొచ్చు? నా కొలత చెబుతాను, శాసనం అనుకోకండి. ప్రకటన ధరలో పది పదిహేను శాతం తగ్గించి అడగడానికి ఏ కారణమూ అక్కర్లేదు, అమ్మేవాడు దానికి సిద్ధపడే ఉంటాడు. ముప్ఫై శాతం దాకా అడగాలంటే కారణం ఉండాలి, పైన చెప్పిన బరువుల్లో ఒకటో రెండో మీరు మోయాలి. సగానికి అడగాలంటే వస్తువులో ఇద్దరికీ కనబడే లోపం ఉండాలి, లేదా ప్రకటన పాతబడి ఉండాలి, లేదా ఆయన ఇల్లు ఖాళీ చేసే గడువు దగ్గరపడి ఉండాలి. ఈ మూడూ లేనప్పుడు సగానికి అడగాలనిపిస్తే ఆ వస్తువు మీ స్తోమతకు మించినదని అర్థం. వేరేది చూసుకోవడం ఇద్దరికీ సుఖం. "ఫిక్స్‌డ్" అని రాసి ఉంటే దాన్ని నమ్మండి. నమ్మబుద్ధి కాకపోతే ఒక వారం ఆగి, అప్పటికీ ఉంటే అడగండి.

సందేశం రాయడం

ఫ్రిజ్ దగ్గరికే వద్దాం. నాలుగోవాడు ఇలా రాసి ఉంటే?

"నమస్కారమండీ. మీ ఫ్రిజ్ ప్రకటన చూశాను. మేం మియాపూర్‌లో ఉంటాం. ఇదే సైజు కొత్తది ఇప్పుడు 24 వేలకు వస్తోంది, మీది నాలుగేళ్లది కాబట్టి నేను 9 వేలు అనుకుంటున్నాను. ఆదివారం పొద్దున ట్రాలీ ఆటో, ఇద్దరు మనుషుల్ని తీసుకుని నేనే వచ్చి దించుకుంటాను. ఆన్ చేసి చూసి, బాగుంటే అక్కడే యూపీఐ చేస్తాను. మీకు కుదరకపోతే ఏం పర్లేదండీ, చెప్పండి చాలు."

తొమ్మిది వేలు కూడా తక్కువే. ప్రకటన ధర మీద మూడో వంతుకు పైగా తగ్గింది. అయినా దీనికి జవాబు వస్తుంది. పదకొండు అంటాడో, పది అంటాడో, కాదంటాడో, ఏదో ఒకటి అంటాడు. ఆరు వేల నుంచి తొమ్మిదికి పెరిగినందుకే కాదు. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఎప్పుడు, ఎలా మోసుకెళ్తారు, డబ్బెలా ఇస్తారు అన్నీ ఒక్కసారే తేలిపోయాయి. చివరి వాక్యం చూడండి. కాదనడానికి ఆయనకు దారి వదిలారు. కాదనే దారి ఉన్నచోటే మనుషులు అవుననడానికి ఆలోచిస్తారు.

వరంగల్‌లో ఒక కుర్రాడు స్కూటర్ కోసం రాసింది ఇలా ఉండొచ్చు. ప్రకటన ధర 65 వేలు.

"అన్నా నమస్తే. మీ బండి ఫొటోలు చూసిన, మంచిగ ఉంచిన్రు. ఇన్సూరెన్స్ కాగితంల 58 అని ఉన్నది గదా. నేను 52 అనుకుంటున్న. టైర్లు రెండు మార్చాలె కాబట్టి ఆ లెక్క. పేరు మార్పిడి ఖర్చు నాదే, సోమవారమే పెట్టిద్దాం. ఎట్లంటరు?"

పిలుపు గురించి ఒక మాట. "బ్రో" అన్నది కాలేజీ కుర్రాడికి సరిపోతుంది. ప్రకటన పెట్టింది రిటైరైన లెక్చరరైతే అదే మాట గుచ్చుకుంటుంది. అవతల ఎవరో తెలియనప్పుడు "అండీ" ఎవరికీ తప్పు కాదు. అమ్మేది ఆడవాళ్లయితే ఇంకొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి. యాప్‌లో చాట్ ఉండగా వాట్సాప్ నంబరు అడగొద్దు. "ఎందుకు అమ్మేస్తున్నారు, ఒక్కరే ఉంటారా" లాంటి ఆరాలు వద్దు. పగటిపూట వస్తామని, మీతో ఎవరు వస్తారో ముందే చెప్పండి. గేటు దగ్గరికి తెప్పించి చూపిస్తామంటే సరే అనండి. చిన్నపిల్లల సైకిలు అమ్ముదామని ప్రకటన పెట్టి, వచ్చిన సందేశాలు చూసి తీసేసిన ఆడవాళ్లు ఎంతమందో.

వస్తువుని తక్కువ చేసి మాట్లాడి ధర దించే పాత పద్ధతి ఒకటుంది. "ఇది పాత మోడల్, ఇప్పుడెవరూ కొనట్లేదు." ఎవరూ కొననిదాని కోసం మీరెందుకు వచ్చినట్టు? ఆ ప్రశ్న ఆయన పైకి అనడు, మనసులో అనుకుంటాడు. అలాగే దీనగాథలు వద్దు. "నా బడ్జెట్ ఇంతేనండీ" అని నిజమైతే ఒకసారి చెప్పొచ్చు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. "మా చెల్లి చదువు కోసం" అని చెప్పి తీసుకెళ్లి, వారం తిరక్కుండా అదే ల్యాప్‌టాప్‌ని నాలుగు వేలు ఎక్కువ వేసి ప్రకటన పెట్టేవాళ్లున్నారు. మీరు కొని అమ్మేవారైతే ఆ మాటే చెప్పండి. కొందరికి అదే కావాలి. వ్యాపారి అయితే త్వరగా తీసుకెళ్తాడు, మళ్లీ ఫోన్ చేయడు.

ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఇంకో పాడు అలవాటు, తక్కువ ధరని అందరికీ కనబడేలా కామెంట్‌లో పెట్టడం. మన పశువుల సంతల్లో ఎద్దుల బేరం ఎలా జరిగేదో పెద్దవాళ్లని అడగండి. దళారి, రైతు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. చుట్టూ పదిమంది ఉన్నా అంకె ఆ ఇద్దరికే తెలిసేది. ఆ బేరం తెగకపోతే, రైతు తర్వాతివాడితో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకోవచ్చు. మీరు అందరి ముందూ "7000 ఇస్తా" అని రాసేస్తే ఆయన ఎద్దుకి మీరే ధర కట్టేసినట్టు. కొననైనా కొనకుండా. ఇన్‌బాక్స్ ఉన్నది అందుకే.

ఒప్పుకున్నాక, గుమ్మంలో

ఆయన కాదన్నాడు, లేదా తన అంకె చెప్పాడు. మీరు ఇంకొక్కసారి పెంచి అడగొచ్చు. ఆ తర్వాత ఆపేయాలి. ఐదు వందలు, ఐదు వందలు చొప్పున పైకి ఎక్కుతూ పోయేవాణ్ణి చూసి ఎవరూ మెత్తబడరు, వీడి దగ్గర ఇంకా ఉందని మాత్రం తెలుసుకుంటారు. "సరేనండీ, నాకు అంతవరకే కుదురుతుంది. వారం తర్వాత కూడా ఉంటే ఒకసారి గుర్తు చేసుకోండి" అని రాసి పక్కకి రండి. ఈ ఒక్క వాక్యం చేసే పని తర్వాత చెబుతాను.

అన్నిటికన్నా చెడ్డ పని గుమ్మంలో జరుగుతుంది. చాట్‌లో పదికి ఒప్పుకున్నారు. ఆయన ఆ మాట నమ్మి మిగతావాళ్లకి "అయిపోయింది" అని చెప్పేశాడు. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, హాల్లోకి జరిపి పెట్టాడు. మీరు ట్రాలీ ఆటోతో వచ్చి, చుట్టూ తిరిగి చూసి, నాలుక చప్పరించి "ఎనిమిది చేసుకోండి, ఇంత దూరం వచ్చాం కదా" అన్నారు. ఆయన వెనక్కి పంపలేడని మీకు తెలుసు. ఆ తెలివికి ఇంకో పేరుంది, ఇక్కడ రాయను. ఈబే లాంటి చోట ఒప్పుకున్న ధర అంటే ఒప్పందమే, వెనక్కి తగ్గడానికి లేదు. మన దగ్గర వాడే యాప్‌లలో ఈ చాట్ బేరాలకి అలాంటి కట్టుబాటేదీ లేదు. అక్కడ ఉన్నది మీ మాట ఒక్కటే. వస్తానన్న ఆదివారం రాలేకపోతే శనివారం రాత్రే చెప్పడం కూడా ఈ లెక్కలోదే.

మరి ప్రకటనలో చెప్పని లోపం నిజంగానే బయటపడితే? డోర్ రబ్బరు చిరిగింది. ఫొటోలో ఆ వైపు చూపించలేదు. అప్పుడు అడగాలి, అడగకపోతే మీ డబ్బు పోతుంది. కానీ అడిగేది రిపేరు ఖర్చు, దండుగ కాదు. "ఈ రబ్బరు మార్పించాలండీ, మెకానిక్‌ని ఇప్పుడే అడుగుతా" అని ఆయన ఎదురుగానే ఫోన్ చేసి, ఎంతంటే అంత తగ్గించమనండి. ఆయనకి తెలియక చెప్పకపోయి ఉండొచ్చు, ఆ అవకాశం ఆయనకి ఇవ్వండి. కంప్రెసర్ పాడైతే తగ్గింపులు అడుగుతూ కూర్చోవద్దు. "ఇది నాకు కుదరదండీ" అని చెప్పి, ఆటోవాడి డబ్బులు ఇచ్చుకుని వచ్చేయండి.

డబ్బు దగ్గర ఇద్దరికీ భయాలున్నాయి. సరుకు చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. "చూశాక మొత్తం ఒకేసారి ఇస్తానండీ" అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. కొనేవాడినంటూ వచ్చి ఈ రెండిట్లో ఏదో ఒకటి చేయించి డబ్బు లాగేసే మోసాలు ఇన్నేళ్లుగా జరుగుతూనే ఉన్నాయి. మిలిటరీలో పనిచేస్తున్నాననీ, బదిలీ మీద వస్తున్నాననీ చెప్పడం ఆ మోసగాళ్లకు అలవాటైన వేషం. వాళ్లలో ఎక్కువమంది బేరమాడరు. 14 వేలంటే 14 వేలే, ఫ్రిజ్ కూడా చూడరు, వెంటనే పంపిస్తామంటారు. అందుకే ఈ రోజుల్లో కాస్త గీచి బేరమాడే మనిషిని చూస్తే అమ్మేవాడికి ఒక రకంగా ధైర్యం. నిజంగా కొనేవాడే ఇలా మెకానిక్ ఖర్చు లెక్కేస్తాడు. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నది అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి.

అడగకూడని చోట

మూడొందల టేబుల్ ల్యాంపుకి, రెండొందల బొమ్మల పెట్టెకి బేరం వద్దు. మీరు ఆదా చేసే యాభై కన్నా ఆయన మీకు జవాబు రాసే సమయం ఖరీదెక్కువ. ఉచితంగా ఇస్తామన్నవాళ్లని "డెలివరీ కూడా చేస్తారా" అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు.

కొన్ని వస్తువులు ధర రాసి ఉన్నా అమ్మకానికి సగమే సిద్ధంగా ఉంటాయి. పోయిన భర్త నడిపిన బండి, తండ్రిగారి పుస్తకాల బీరువా, అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయాక మూలపడ్డ వీణ. ప్రకటనలో ఒక్క వాక్యం ఎక్కువ ఉంటుంది, దాన్ని బట్టి పోల్చుకోవచ్చు. ఇక్కడ ధర న్యాయంగా ఉంటే అడిగింది ఇచ్చేయండి. ఎక్కువైతే ఒక్కసారి, మెల్లగా, మీరు ఇవ్వగలిగింది చెప్పి ఊరుకోండి. ఆ వస్తువుతో మీరేం చేస్తారో కూడా చెప్పండి. వీణ నేర్చుకుంటున్న పిల్ల కోసమన్న మాట నిజమైతే, ఆవిడ మీకు తగ్గించినా ఆశ్చర్యం లేదు. తగ్గించమని అడిగి అది సాధించలేరు.

అమెరికాలో మనవాళ్లు ఎక్కువున్న ఊళ్లలో, డాలస్ అనుకోండి, న్యూజెర్సీ అనుకోండి, ఇల్లు మారేటప్పుడు సోఫాలూ మంచాలూ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తాయి. చదువు ముగించి వేరే రాష్ట్రానికి ఉద్యోగానికి వెళ్లే కుర్రాళ్లు పరుపులు, వంట సామాన్లు నామమాత్రపు ధరకు వదిలేసి వెళ్తారు. అక్కడ వినిపించే మాట, "మనోళ్లే కదా, ఇంకొంచెం తగ్గించు." మనోళ్లన్న చనువు ఇచ్చేవాడి చేతిలో ఉండాలి, అడిగేవాడి నోట్లో కాదు. ఆ తగ్గింపు ఆయనంతట ఆయన ఇచ్చాడా, సంతోషంగా తీసుకోండి. మీ వంతుగా చీకటి పడకముందే ట్రక్కు తెచ్చి, ఆయన పైఅంతస్తులోని ఇంకో నాలుగు పెట్టెలు కిందికి దించిపెట్టండి. పరదేశంలో కూలి మనుషులు చవగ్గా దొరకరు. ఆ సాయం ముందు మీరడిగే ఇరవై డాలర్లు ఎంత?

మీరే అమ్మేవారైనప్పుడు ఇలాంటి తక్కువ బేరాలు మీకూ వస్తాయి. వాటిని అవమానంగా కాక, మొదటి మాటగా తీసుకుంటే రక్తపోటు తగ్గుతుంది. "అంతకు ఇవ్వలేనండీ, 12 అయితే చూద్దాం" అన్న ఒక్క వరుస చాలు. మర్యాద లేని సందేశానికి జవాబివ్వకపోవడం మీ ఇష్టం, తిట్టి పంపడం మాత్రం వద్దు. మర్యాదగా అడిగి ఆగిపోయినవాళ్ల చాట్ తుడిచేయకండి.

ఎందుకంటే పది రోజుల తర్వాత మీ ఫ్రిజ్ ఇంకా హాల్లోనే ఉండొచ్చు, ప్యాకర్స్ వాళ్లు ఎల్లుండి వస్తూ ఉండొచ్చు. ఇప్పుడు కొనేవాడి వైపు నుంచి చూడండి. ఆ సాయంత్రం మీ ఫోన్‌కి "మీకు ఇంకా ఫ్రిజ్ కావాలా అండీ? మీరన్న 9కే ఇచ్చేస్తాను" అని వస్తుంది. వారం కింద పక్కకి వచ్చేటప్పుడు మీరు రాసి వదిలిన వాక్యం ఇన్ని రోజులకు పని చేసింది. ఈ చోట చాలామందికి ఎనిమిదిన్నర అనాలని నాలుక దురద పెడుతుంది. ఆయన తొందర మీకు తెలిసిపోయింది మరి. అనకండి. మీ అంకె మీద నమ్మకంతో ఆయన వెనక్కి వచ్చాడు, అదే అంకెకు తీసుకోండి. ఎప్పుడు వస్తారో, ఆటో ఎవరు మాట్లాడుతున్నారో ఆ పూటే ఖాయం చేసుకోండి. ఈలోగా వేరేచోట కొనేసి ఉంటే "మొన్ననే తీసుకున్నామండీ, గుర్తుపెట్టుకుని అడిగినందుకు థాంక్స్" అని వెంటనే రాసేయండి. ఆయనకి గడువు ఇంకా రెండు రోజులుంది, తర్వాతి మనిషికి ఫోన్ చేసుకుంటాడు.